తొమ్మిదో నంబరు జెర్సీ

ఆస్ట్రేలియాలో యరబీనా అనే చిన్న ఊళ్లో, పైవాళ్లు ఏదడిగినా కాదనలేక, ఆ బరువంతా తీసుకెళ్లి తనవాళ్ల నెత్తిన పెట్టే త్రినాథ్ అనే తెలుగువాడు ఉండేవాడు.

పళ్లను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో అతను సూపర్‌వైజరు. తనది మంచితనమనే అతని నమ్మకం. మేనేజరు వచ్చి ఆదివారం కూడా నలుగురు మనుషులు కావాలంటే, "ఓ, దానికేం భాగ్యం!" అనేవాడు. ఆ తర్వాత తిన్నగా తెలుగువాళ్ల దగ్గరికే వచ్చి, "మనవాళ్లే కదా, కాస్త సర్దుకోండి" అనేవాడు. పరాయివాళ్లను అడగాలంటే అతనికి మహా మొహమాటం. తనవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ మొహమాటం ఎక్కడికి పోయేదో ఏమో!

ఆ ఊళ్లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఉండేది. మనమెరిగిన గుండ్రటి బంతి ఆట కాదది. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, కాలితో తంతారు. బంతి ఉన్నవాణ్ణి ఎదుటివాళ్లు ఒడిసిపట్టి కింద పడేస్తారు. ఒక్కో జట్టుకు మైదానంలో పద్దెనిమిది మంది, అలసినవాళ్ల బదులు దిగడానికి బయట నలుగురు. ఆటకు ముందు ఆ ఇరవై రెండు పేర్లూ ఒక కాగితం మీద రాసి, మేనేజరు సంతకం చేసి అంపైరుకు ఇవ్వాలి. దాన్ని టీమ్ షీటు అంటారు. అందులో పేరుంటే ఆడినట్టు, లేకపోతే ఆడనట్టు. కనీసం పద్నాలుగు మంది పోగుకాకపోతే ఆడకుండానే ఓడినట్టు. ఇక సీజన్లో ఐదు మ్యాచులైనా ఆడినవాడికే ఫైనల్లో ఆడే అర్హత.

ఆ క్లబ్బు రెండో జట్టుకు త్రినాథ్ మేనేజరుగా ఉండేవాడు. పైసా జీతం లేని పని అది. అయినా షీటు పట్టుకుని అంపైర్ల గదిలోకి నడుస్తుంటే అతనికి కలెక్టరంత దర్జా వచ్చేది. ఏనాటికైనా క్లబ్బు కమిటీలో కూర్చోవాలని అతని ఆశ. ఆ కమిటీలో అప్పటిదాకా మనదేశం వాడు ఒక్కడూ లేడు.

ఆ ఏడు రెండో వారమే జట్టుకు పదమూడు మంది వచ్చారు. త్రినాథ్ ఫోన్ తీసి సింహాచలానికి చేశాడు.

"సింహాచలం, ఒక్క మనిషి తక్కువరా. నా పరువు పోయేటట్టుంది. రా!"

సింహాచలానిది చోడవరం దగ్గర పల్లె. అదే ఫ్యాక్టరీలో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపేవాడు. త్రినాథ్‌దీ ఆ పక్క ఊరే కావడంతో, అన్నా అని పిలిచేవాడు. నిజంగానే అన్న అనుకునేవాడు.

"నాకా ఆట రాదు గదన్నా" అన్నాడు సింహాచలం.

"కబడ్డీ వచ్చు కదా? బంతి ఎవడి చేతిలో ఉంటే వాణ్ణి పట్టుకో. వదలకు. అంతే ఆట."

అతను ఫ్యాక్టరీ ప్యాంటుతోనే వచ్చి, అరువు నిక్కరు వేసుకుని దిగాడు. బంతిని తన్నితే అది ఎప్పుడూ తాను అనుకున్న వైపు పోలేదు. కానీ మనిషిని పట్టుకున్నాడా, ఇక ఆ మనిషి కదిలేవాడు కాదు. మొదట నవ్విన జనమే ఆట అయ్యేసరికి చప్పట్లు కొట్టారు. "సిమ్" అని అతనికి పేరు కూడా పెట్టారు.

అతనికి శనివారాలు పని ఉండేది. ఎవరితోనో మాట్లాడుకుని తన శనివారం వాళ్లకిచ్చి, వాళ్ల ఆదివారం తాను పుచ్చుకునేవాడు. అలా ఆడిన ప్రతి మ్యాచుకీ, ఏడేళ్ల కూతురు హంసినితో గడపాల్సిన ఒక ఆదివారం పోయేది. భార్య నూకరత్నం సణిగితే, "త్రినాథన్న అడిగేడు, కాదంటే బాగోదు" అనేవాడు.

జులై నెల వచ్చింది. జట్టు ఎవరూ అనుకోనంత బాగా ఆడుతోంది. ఒకరోజు కోచ్ డగ్ త్రినాథ్‌ను పక్కకు పిలిచాడు.

"కైల్ రెండే మ్యాచులు ఆడాడు" అన్నాడు డగ్. "ఐదు లేకపోతే ఫైనల్‌కు పనికిరాడు. అతను లేకుండా మనం ఫైనల్ గెలవలేం."

కైల్ మెర్టన్ జట్టులోకెల్లా గట్టి ఆటగాడు. గోల్ చేయడంలో అతని తర్వాతే ఎవరైనా. కానీ ఎక్కడో దూరాన గనుల్లో పని. ఎప్పుడో గాని ఊరికి వచ్చేవాడు కాదు.

"షీటు రాసేది నువ్వే కదా, ట్రిన్!" అంటూ డగ్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "కమిటీలో నీలాంటివాడు ఉండాలని నేను అందరితో చెబుతున్నాను."

తప్పు చెయ్యమని డగ్ నోరు తెరిచి అనలేదు. ఆ అవసరం అతనికి రాలేదు. త్రినాథ్ అప్పటికే తల ఊపేశాడు.

అయితే ఉత్తినే పేరు రాస్తే చాలదు. ఎదుటి జట్టు మేనేజరు జెర్సీల మీద నంబర్లు చూసి, షీటులో టిక్కులు పెట్టుకుంటాడు. కైల్ నంబరు తొమ్మిది. ఆ తొమ్మిది మైదానంలో తిరుగుతూ కనబడాలి. అంటే ఎవరో ఒకరు ఆ జెర్సీ వేసుకోవాలి, అతని సొంత పేరు ఆ రోజు షీటులో ఉండకూడదు. త్రినాథ్ జట్టులో ఒక్కొక్కరినీ తలుచుకున్నాడు. ఒకడి తండ్రి కమిటీలో ఉన్నాడు. ఇంకొకడు నోటి దురుసు మనిషి. చివరికి అతని మనసు ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. సింహాచలమైతే మనవాడే కదా!

లెక్క కూడా వేసుకున్నాడు. సీజన్ అయ్యేలోగా సింహాచలానికి ఎనిమిది మ్యాచులు వస్తాయి. మూడు తీసినా ఐదుంటాయి. ఇద్దరికీ అర్హత, ఎవరికీ నష్టం లేదు. తన తెలివికి తానే మురిసిపోయాడు.

"నీ ఇరవై ఏడో నంబరు జెర్సీకి కుట్లు ఊడిపోయాయిరా. కుట్టడానికి ఇచ్చాను. ఇవాళ్టికి ఇది వేసుకో" అని తొమ్మిదో నంబరు జెర్సీ అందించాడు.

అది సింహాచలానికి మోకాళ్లకు కాస్త పైదాకా వచ్చింది. "ఇది జెర్సీయా, మా ఆవిడ నైటీయా?" అని అతను నవ్వాడు. షీటులో ఏముందో అతను అడగలేదు. అడగాలని కూడా అతనికి తోచదు. రాసింది త్రినాథన్న.

అలా మూడు మ్యాచులు నడిచాయి. మూడోది డెర్రిగల్ జట్టుతో. ఆ రోజంతా వాన. మైదానం వరిమడిలా తయారైంది. ఎవరు ఏ జట్టో, ఎవరి ముఖం ఏదో తెలియనంత బురద. ఆ బురదలో సింహాచలం, డెర్రిగల్ కెప్టెన్ స్టూని నాలుగుసార్లు పట్టుకున్నాడు. నాలుగోసారి ఆట ముగియడానికి రెండు నిమిషాలే ఉన్నాయి. స్టూ గోల్ ముందుకు వచ్చేశాడు. సింహాచలం వెనకనుంచి దూకి నడుం పట్టాడు. ఇద్దరూ పది గజాలు జారుకుంటూ పోయారు. బంతి చేజారింది. ఆ ఆటలో గోల్‌కు ఆరు పాయింట్లు; యరబీనా మూడంటే మూడు పాయింట్ల తేడాతో గెలిచింది.

సింహాచలం కుంటుకుంటూ బయటికి వచ్చాడు. ముఖంలో పళ్లు తప్ప ఇంకేమీ కనబడటం లేదు.

"అన్నా! ఈయేల నాకీ ఆట అర్దమయ్యిందన్నా!" అన్నాడు.

త్రినాథ్ అతని వీపు తట్టాడు. ఆ గెలుపు తాలూకు షీటు నకలు త్రినాథ్ జేబులో ఉంది. అందులో సింహాచలం అనే పేరు లేదు.

ఆగస్టులో, చుట్టుపక్కల జట్లన్నీ ఆడే లీగులోనే ఉన్న పక్క ఊరి జట్టుకు పద్నాలుగు మంది దొరకడం మానేశారు. వాళ్లు సీజన్ మధ్యలోనే తప్పుకున్నారు. వాళ్లతో ఎవరెవరు ఆడారో ఆ మ్యాచులన్నిటినీ లీగ్ లెక్కలోంచి కొట్టేసింది. ఫైనల్ వారం సోమవారం నాడు అర్హుల జాబితా వచ్చింది. కైల్ మెర్టన్‌కు ఐదు. సింహాచలానికి నాలుగు.

త్రినాథ్ ఆ జాబితా రెండుసార్లు చదివాడు. కొట్టేసిన వాటిలో సింహాచలం ఆడిన మ్యాచు ఒకటుందని అతను చూసుకోలేదు. నిజం చెబితే సింహాచలానికి అర్హత వస్తుంది. కానీ జట్టు పాయింట్లు పోతాయి, ఫైనలే పోతుంది, తన మేనేజరు పదవీ పోతుంది. త్రినాథ్ ఎంతోసేపు ఆలోచించలేదు.

"రూలురా, ఏం చేస్తాం" అన్నాడు సింహాచలంతో. "పక్క ఊరి మ్యాచు కొట్టేశారు. నీకు ఐదు లేవు."

సింహాచలం వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "నాను ఎనిమిది ఆడేను గదన్నా. ఒకటి పోతే ఏడు."

"మనం ఎక్కడో తప్పు లెక్కపెట్టాం. లీగ్ వాళ్ల దగ్గర నాలుగే ఉన్నాయి."

"నువ్వు సూసేవా?"

"చూశాను."

"అయితే సరే. నువ్వు సూసేక ఇంకేటుంది" అన్నాడు సింహాచలం.

అతను అలా నమ్మకపోయి ఉంటే బాగుండేదని త్రినాథ్‌కు ఒక్క క్షణం అనిపించింది. తిట్టినా బాగుండేది.

అక్కడ ఒక ఆచారముంది. ఫైనల్ రోజున పెద్ద రంగు కాగితాల తెర కట్టి, జట్టంతా దాన్ని చించుకుంటూ మైదానంలోకి పరుగెత్తుతుంది. ఆటగాళ్ల పిల్లలు కూడా నాన్నల చేతులు పట్టుకుని పరుగెత్తవచ్చు. ఆ తెరను క్లబ్బు ఆడవాళ్లే తయారుచేస్తారు. ఆ ఏడు నూకరత్నం కూడా వెళ్లి కాగితాలు అంటించింది. హంసిని పసుపు రంగుతో ఒక మూలన తన తండ్రి పేరు రాసింది. జాబితా వచ్చాక దాన్ని కప్పేయమని డగ్ చెప్పాడు. త్రినాథ్ నీలం కాగితం ముక్క, జిగురు తీసుకుని వెళ్లాడు.

"పెద్దనాన్నా, అక్కడ మా నాన్న పేరుంది" అంది హంసిని.

"తెలుసమ్మా" అన్నాడు త్రినాథ్. కాగితం అంటించి, అంచులు వేలితో నొక్కాడు.

బుధవారం సాయంత్రం ఓట్ల సభ. ప్రతి మ్యాచు తర్వాతా అంపైర్లు, ఆ రోజు అందరికంటే బాగా ఆడినవాడికి మూడు ఓట్లు వేసి కవరులో పెడతారు. వాళ్లు నంబరు చూస్తారు, పేరు షీటులోంచి రాస్తారు. సీజన్ చివర అన్ని జట్ల ముందూ ఆ కవర్లు విప్పుతారు. సింహాచలం కూడా ఆ సభకు వచ్చాడు. కుర్చీలు వేయడానికి మనిషి కావాలని త్రినాథే పిలిచాడు మరి.

లీగ్ కార్యదర్శి ఆడ్రీ ఫెంటన్ అనే పెద్దావిడ ఒక్కో కవరూ విప్పి చదువుతోంది.

"పన్నెండో వారం. యరబీనా, డెర్రిగల్. మూడు ఓట్లు, తొమ్మిదో నంబరు, కైల్ మెర్టన్!"

చప్పట్లు మోగాయి. కైల్ సగం లేచి, అయోమయంగా డగ్ వైపు చూసి, నవ్వుతూ గ్లాసు పైకెత్తాడు. గోడ పక్కన నిలబడ్డ సింహాచలం చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాడు. పన్నెండో వారం. వాన. నైటీ అంత జెర్సీ. అతను మెల్లగా త్రినాథ్ వైపు తిరిగాడు.

ఇంతలో డెర్రిగల్ కెప్టెన్ స్టూ లేచాడు. "ఆగండి. ఆ రోజు నన్ను నాలుగుసార్లు బురదలో పొర్లించింది కైల్ కాదు" అని హాలంతా కలయజూశాడు. "అదిగో, అతను."

ఆడ్రీ త్రినాథ్‌నీ, సింహాచలాన్నీ పక్క గదిలోకి పిలిచింది. బల్ల మీద పన్నెండో వారం షీటు పెట్టింది.

"ఆ బురదలో ఎవరి ముఖమూ తెలియలేదని అంపైర్లంటున్నారు. ఓడిన జట్టు కెప్టెన్ మాట ఒక్కటే నాకు చాలదు" అంది. సింహాచలం వైపు తిరిగి, "నువ్వు చెప్పు. ఆ రోజు తొమ్మిదో నంబరు వేసుకుని ఆడింది నువ్వా? నువ్వైతే మీ జట్టు ఫైనల్ పోతుంది. కాదంటే ఈ మాట ఇక్కడితో సరి" అంది.

 సింహాచలం తెలుగులో త్రినాథ్‌ను అడిగాడు.

"ఎన్ని మేచీలన్నా?"

"మూడే" అన్నాడు త్రినాథ్.

"మూడే. అందుకేనా నాకు ఐదవ్వనేదు?"

"అదంతా తర్వాత మాట్లాడుకుందాం. ముందు కాదని చెప్పెయ్. మనవాడివి కదరా, ఈ ఒక్కసారికి సర్దుకో."

"నాను సెప్పడం కాదన్నా. నువ్వు సెప్పు" అన్నాడు సింహాచలం. "నా మొకం సూసి సెప్పు. ఆ రోజు నాను ఆడేనా, నేదా? నువ్వేటంటే అదే ఆవిడకి సెప్తాను."

భాష తెలియని ఆడ్రీ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. తలుపు అవతల డగ్ ఎవరితోనో పకపకా నవ్వుతున్నాడు. త్రినాథ్‌కు ఆ నవ్వు వినబడింది, కమిటీ గది కనబడింది. ఎదురుగా ఉన్న మనిషి మాత్రం కనబడలేదు.

"ఆడలేదు" అన్నాడు.

సింహాచలం తల ఊపాడు. తనకొచ్చిన ఇంగ్లీషులో, తాను ఆ రోజు ఆడలేదని ఆడ్రీకి చెప్పాడు. ఆమె రాసుకుని, థాంక్స్ చెప్పింది. అతను సభ అయిపోయేదాకా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఆ తర్వాత తాను వేసిన కుర్చీలన్నీ తానే మడిచి, గోడకు చేర్చి, ఇంటికి వెళ్లిపోయాడు.

శనివారం యరబీనా గెలిచింది. కైల్ ఆరు గోల్స్ కొట్టాడు. ఇరవై రెండు పతకాలు ఇరవై రెండు మెడల్లో పడ్డాయి. చిరిగిపోయిన తెరలో నీలం ముక్క ఎక్కడ పడిందో ఎవరూ చూడలేదు. నెల తిరగకుండానే త్రినాథ్‌కు కమిటీలో కుర్చీ దొరికింది. అందరికీ స్వీట్లు పంచాడు. సింహాచలం ఇంటి ముందు కారు ఆపాడు గాని, దిగలేకపోయాడు. ఆ డబ్బా కారులోనే మిగిలిపోయింది.

మరుసటి ఏడు డగ్ పెద్ద ఊరి క్లబ్బుకు వెళ్లిపోయాడు. పోతూ పోతూ కైల్‌నూ, ఇంకో ఐదుగురినీ తీసుకుపోయాడు. ట్రిన్ అనేవాడు ఒకడున్నాడని కూడా అతనికి గుర్తు రాలేదు. అదివరకు అవసరానికి వచ్చి నిలబడే తెలుగు కుర్రాళ్లు ఇప్పుడు రావడం లేదు. త్రినాథ్‌ను ఎవరూ ఒక్క మాట అనలేదు. "శనివారం డ్యూటీ ఉందన్నా" అనేవాళ్లు, అంతే. ప్రతివాడికీ ప్రతి శనివారం డ్యూటీ ఉండేది.

ఒకసారి మనుషుల్లేక మ్యాచు ఆగిపోయింది. రెండోసారి కూడా ఆగితే జట్టునే రద్దు చేస్తామని లీగ్ చెప్పింది. ఆ తర్వాతి శనివారం పదకొండున్నరకు త్రినాథ్ తలలు లెక్కపెట్టాడు. పదమూడు. మళ్లీ లెక్కపెట్టాడు. పదమూడే.

షీటు పట్టుకుని కారులో సింహాచలం ఇంటికి పరుగెత్తాడు. సింహాచలం వాకిట్లో కూతురి సైకిలు చైను వేస్తున్నాడు. త్రినాథ్‌ను చూసి హంసిని లోపలికి వెళ్లిపోయింది.

"ఒక్క మనిషి తక్కువరా" అన్నాడు త్రినాథ్ రొప్పుతూ. "పన్నెండు దాకా అంపైరు ఆగుతానన్నాడు. చూడు, నీ పేరే మొట్టమొదట రాశాను. ఇరవై ఏడు. నీ నంబరే."

సింహాచలం చేతులు తుడుచుకుని ఆ కాగితం అందుకున్నాడు. తన పేరు నిదానంగా చదువుకున్నాడు. తిరిగి త్రినాథ్ చేతిలో పెట్టాడు.

"ఈ మడిసి ఆడనేదని నువ్వే సెప్పేవు గదన్నా" అన్నాడు. గొంతులో కోపం లేదు. "ఎండలో వొచ్చేవు. మంచినీళ్లు తాగి ఎల్లు."

త్రినాథ్ నీళ్లు తాగలేదు. మైదానానికి తిరిగి వచ్చేసరికి పన్నెండు దాటింది. అంపైరు పదమూడు తలలు లెక్కపెట్టి, ఆట లేదని రాసేశాడు. ముప్ఫై ఏళ్ల జట్టు ఆ పూటతో ముగిసింది. సాయంత్రం కమిటీలో ఒకాయన విసుక్కున్నాడు.

"ఒక్క మనిషి, ట్రిన్! ఫ్యాక్టరీ నిండా మీవాళ్లున్నారు. ఒక్కడు కూడా రాలేదా?"

"మావాళ్లని చెప్పుకోవడానికి నాకిప్పుడు ఎవరూ లేరు" అన్నాడు త్రినాథ్. తలెత్తి చూడలేకపోయాడు. ఆశపడి ఎక్కిన ఆ కుర్చీలో అతను మళ్లీ కూర్చోలేదు.

సర్దుకుపోతాడులే అని తనవాడి కష్టాన్ని ఇంకొకడి పేరున రాసేవాడికి, ఒక్క మనిషి తక్కువైన రోజున తనవాడంటూ ఒక్కడూ మిగలడు.